సెన్సార్‌కు తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం టూ వీలర్ మెకానిక్‌లు, రైడర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట షెడ్డు మూసుకుని వచ్చిన మెకానిక్ సోదరులకు, అరకు రైడ్ మానుకుని ఇక్కడ కూర్చున్న కుర్రాళ్లకు ముందుగా థ్యాంక్స్.

నేను పని నేర్చుకున్నది గాజువాకలో, మా మేనమామ షెడ్డులో. అప్పుడు బళ్లన్నీ కార్బొరేటర్లే. ఎవరి బండి వచ్చినా మామయ్య ప్లగ్ విప్పేవాడు. మూతి మసిబారి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ పోతోంది. ఇటుక రంగులో ఉంటే ముట్టుకోవద్దనేవాడు. తర్వాత ఎయిర్ స్క్రూ పావు చుట్టు అటో ఇటో తిప్పి, కాసేపు చెవి పెట్టి విని, "ఇక తీసుకుపో నాయనా" అనేవాడు. ఆ బండి మళ్లీ ఆర్నెల్ల దాకా షెడ్డు ముఖం చూసేది కాదు.

ఈ రోజు మనం మాట్లాడుకునే ఆటో ట్యూన్, అంటే బండికి బిగించే ఎలక్ట్రానిక్ పెట్టె, చేసే పని కూడా అదే. పొగను చూసి లోపల ఏం జరిగిందో తెలుసుకోవడం, దాన్ని బట్టి పెట్రోల్ సరిచేయడం. మామయ్య ఆర్నెల్లకోసారి చేసిన పనిని అది బండి నడుస్తుండగానే చేస్తుంది. కానీ మామయ్య ప్లగ్ చూసే ముందు సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసేవాడు, ఫిల్టర్ విప్పి చూసేవాడు, ట్యాపెట్ చప్పుడు వినేవాడు. పెట్టెకు ఆ చేతులు లేవు. ఆ పని మనమే చేయాలి. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే పద్ధతితో, వచ్చిన మొదటి మోటార్ సైకిల్ 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ. అప్పుడు చాలామంది దాన్ని చూసి భయపడ్డారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్–6 పొగ నిబంధనలు వచ్చాక భయపడే అవకాశం కూడా లేకుండా పోయింది. కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. పొగలో ఆక్సిజన్ చూసే సెన్సార్ మాత్రం అంతకంటే చాలా పాతది, దాన్నే లాంబ్డా సెన్సార్ అంటారు. బాష్ కంపెనీ తయారు చేసిన లాంబ్డా సెన్సార్ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి రోడ్డెక్కింది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగ నిబంధనలు బిగించడం వల్ల పుట్టిన వస్తువు అది.

లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ. దానికి ఒక వైపు పొగ, ఇంకో వైపు బయటి గాలి. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పొగలో ఎంతుందన్నది ఇంజన్ ఎలా కాల్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు వైపులా తేడా ఉంటే ఆ పింగాణీ చిన్న వోల్టేజ్ పుట్టిస్తుంది. సుమారు 300 డిగ్రీల వేడి దాటితేనే పుట్టిస్తుంది. అందుకే చల్లటి బండి స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో ఈసీయూ, అంటే పెట్రోల్ ఎంత పోయాలో లెక్క కట్టే బండి కంప్యూటర్, సెన్సార్ మాట పట్టించుకోదు.

మన బళ్లలో కంపెనీ బిగించి ఇచ్చేది ఎక్కువగా న్యారో బ్యాండ్ సెన్సార్. రిచ్ అయితే, అంటే పెట్రోల్ ఎక్కువైతే, 0.9 వోల్టుల దగ్గర, లీన్ అయితే, అంటే పెట్రోల్ తక్కువైతే, 0.1 దగ్గర ఉంటుంది. మధ్యలో 0.45 దగ్గర నిటారుగా పడిపోతుంది, లేస్తుంది. చారు రుచి చూసి "ఉప్పెక్కువైంది" లేదా "తక్కువైంది" అని మాత్రమే చెప్పేవాడి లాంటిది. ఎంత ఎక్కువైందో చెప్పలేదు. ఈసీయూ దాని మాట విని కొంచెం తగ్గిస్తుంది, మళ్లీ కొంచెం పెంచుతుంది, అలా 0.45కు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగులాట పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు కావాలి. అది లోపం కాదు, దాన్ని చూసి సెన్సార్ మార్చేయకండి.

వైడ్ బ్యాండ్ వేరు. అందులో ఆక్సిజన్‌ను లోపలికీ బయటికీ తోసే చిన్న పంపు గది ఉంటుంది. పొగ లీన్‌గా ఉంటే మిగిలిన ఆక్సిజన్‌ను బయటికి తోస్తుంది. రిచ్‌గా ఉంటే ఆక్సిజన్‌ను లోపలికి తెచ్చి, సగం కాలిన గ్యాసులు పూర్తిగా కాలడానికి ఎంత పట్టిందో లెక్క కడుతుంది. తోయడానికి ఎంత కరెంటు పట్టిందన్నదే మన రీడింగ్. "అర చెంచా ఉప్పు ఎక్కువైంది" అని చెప్పగలిగే నాలుక అది. ఆటో ట్యూన్ పెట్టెలతో వచ్చేది ఈ రకమే. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 అనే పేరు మీరు ఎక్కువగా చూస్తారు.

ఇప్పుడు ఒక్క గడి తీసుకుందాం. ఈసీయూలో పెట్రోల్ మ్యాప్ అంటే గళ్ల కాగితం లాంటిది. అడ్డంగా థ్రాటిల్, నిలువుగా ఆర్‌పీఎం. మీరు 3,000 ఆర్‌పీఎం, 20 శాతం థ్రాటిల్‌లో నిలకడగా వెళ్తున్నారనుకోండి. ఆ గడిలో ఇంజెక్టర్ 5 మిల్లీసెకన్లు తెరవమని రాసి ఉంది. మనం కోరుకున్న లాంబ్డా 0.98 (లాంబ్డా 1 అంటే గాలి, పెట్రోల్ సరిపాళ్లు; 1 దాటితే లీన్, తగ్గితే రిచ్). సెన్సార్ చూపించింది 1.08. అంటే లీన్. 1.08ని 0.98తో భాగిస్తే 1.10. పది శాతం పెట్రోల్ పెంచాలి. ఐదుకు పది శాతం కలిపి 5.5 అని రాసేయాలనిపిస్తుంది. ఆగండి. ఇంజెక్టర్‌కు కరెంటు ఇచ్చిన వెంటనే అది తెరుచుకోదు. సుమారు ఒక మిల్లీసెకను తెరుచుకోవడానికే పోతుంది. అంటే పెట్రోల్ నిజంగా కారింది నాలుగు మిల్లీసెకన్లే. ఆ నాలుగుకు పది శాతం కలిపి, పోయిన ఒకటి మళ్లీ కలిపితే 5.4. తేడా చిన్నదే. కానీ ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ రెండు, రెండున్నర మిల్లీసెకన్లే తెరుచుకుంటుంది. అక్కడ ఈ ఒక్క మిల్లీసెకన్ లెక్క తప్పితే స్లో స్పీడ్ ఎప్పటికీ కుదరదు. చాలామంది "టాప్‌లో బాగుంది, ఐడ్లింగ్‌లో వేటాడుతోంది, ఆర్‌పీఎం పడుతూ లేస్తోంది" అని నా దగ్గరికి తెచ్చే బళ్లలో సగం సమస్య ఇదే.

పెట్టె ఈ లెక్క చేసి, ఆ పది శాతాన్ని ట్రిమ్ అని పక్కన ఇంకో గళ్ల కాగితంలో రాసుకుంటుంది. మనం ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూసి, సబబుగా ఉంటే అసలు మ్యాప్‌లో కలుపుతాం. మళ్లీ నడుపుతాం. రెండోసారి ట్రిమ్‌లు చిన్నవవుతాయి, మూడోసారి ఒకటి రెండు శాతానికి వచ్చేస్తాయి. అలా రాకపోతే, ప్రతిసారీ అదే గడిలో మళ్లీ పెంచమని అడుగుతుంటే, అక్కడ మ్యాప్ తప్పు లేదు. ఇంకేదో ఉంది.

ఆ "ఇంకేదో" నాకు సొంత బండి మీద తెలిసింది. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 ఈఎఫ్ఐ. ఈ సముద్రపు గాలికి బెండు పైపు, సైలెన్సర్ తుప్పు పట్టిపోతే రెండూ మార్పించాను. అదే చేత్తో వైడ్ బ్యాండ్ సెన్సార్ కోసం బెండు పైపుకు 18 మిల్లీమీటర్ల థ్రెడ్ ఉన్న నట్టు వెల్డ్ చేయించాను. పని చేసిన షాపులో బెండు పైపు ఇంజన్ హెడ్‌కు కలిసే చోట, సందు మూసే పాత గాస్కెట్ రింగే తిరిగి వేశారు. నేనూ పక్కనే ఉన్నాను, అడగలేదు. ఆటో ట్యూన్ ఆన్ చేసి ఆనందపురం మీదుగా భోగాపురం దాకా హైవే మీద వెళ్లి వచ్చాను. కింది గళ్లన్నీ ప్లస్ 12, ప్లస్ 15. సరే, లీన్‌గా ఉందనుకుని కలిపేశాను. రెండోసారి మళ్లీ ప్లస్ 10. మూడోసారి పెట్టె పెంచగల 20 శాతం హద్దు తాకింది. 27 ఇచ్చే మైలేజీ 20కి వచ్చింది. ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోల్ వాసన. మిస్సింగ్ మొదలైంది. సెన్సార్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. అదీ అదే మాట చెప్పింది.

చివరికి ప్లగ్ విప్పాను. మామయ్య చూపించినట్టే, కాటుకలా నల్లగా ఉంది. సెన్సార్ లీన్ అంటోంది, ప్లగ్ రిచ్ అంటోంది. రెండూ నిజమే చెబుతున్నాయి. ఎలాగో చూడండి. సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో పొగ ధారగా రాదు, కొట్టు కొట్టుగా వస్తుంది. ఒక్కో కొట్టు వెనకాల పైపులో వాక్యూమ్ ఏర్పడుతుంది. జాయింట్ దగ్గర వెంట్రుక వాసి సందు ఉన్నా ఆ క్షణంలో బయటి గాలిని లోపలికి లాగేస్తుంది. ఆ గాలిలో 21 శాతం ఆక్సిజన్. సెన్సార్‌కు అది ఇంజన్‌లో మిగిలిన ఆక్సిజనా, సందులోంచి దూరిన ఆక్సిజనా తెలియదు. అది పెట్రోల్‌ను చూడదు. ఆక్సిజన్ కనిపించింది కాబట్టి లీన్ అంది. పెట్టె పెట్రోల్ పెంచింది. ఎంత పెంచినా ఆ సందు గాలి అలాగే వస్తోంది కాబట్టి పెంచుతూనే పోయింది.

నేను ముందే పట్టుకోవాల్సిన గుర్తు ఒకటి ఆ గళ్లలోనే ఉంది. కింద, తక్కువ థ్రాటిల్‌లో ప్లస్ 15. పైన, ఫుల్ థ్రాటిల్‌లో ప్లస్ 1, ప్లస్ 2. సందు సైజు ఒక్కటే. ఐడ్లింగ్‌లో ఇంజన్ వదిలే పొగ కొంచెమే, అందులో ఆ దొంగ గాలి పెద్ద వాటా. ఫుల్ థ్రాటిల్‌లో పొగ వరదలా పోతుంది, దాంట్లో అది లెక్కలోకి రాదు. కాబట్టి కింద బాగా ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ సున్నాకు దిగిపోయే ట్రిమ్‌లు కనిపిస్తే ల్యాప్‌టాప్ మూసేసి పానా తీయండి. చల్లటి బండికి సైలెన్సర్ చివర్లోంచి వ్యాక్యూమ్ క్లీనర్ బ్లోయర్‌తో గాలి ఊది, ప్రతి జాయింట్ మీద సబ్బు నీళ్లు కొట్టండి. నా బండికి హెడ్ జాయింట్ కింది అంచున, సూది బెజ్జమంత చోట బుడగలు వచ్చాయి. ఆ చుట్టూ సన్నటి మసి గీత కూడా ఉంది. చూసే కంటికి ముందే కనిపించేది. కొత్త గాస్కెట్ ధర రెండు ప్లేట్ల ఇడ్లీ ఖర్చు దాటలేదు. మ్యాప్ మొదటి నుంచీ మళ్లీ చేసుకున్నాను.

ఇదే జబ్బుకు ఇంకో రూపం ఉంది. చాలా బళ్లలో ఎగ్జాస్ట్ పోర్టులోకి కావాలనే తాజా గాలి పంపే వాల్వ్ ఉంటుంది, పొగ పూర్తిగా కాలడానికి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి హెడ్ కవర్‌కు వెళ్లే సన్నటి రబ్బరు పైపు అదే. మంచి ఉద్దేశంతో పెట్టింది. కానీ ట్యూన్ చేసేటప్పుడు అది కూడా సెన్సార్ కళ్లలో దుమ్ము కొడుతుంది. ట్యూన్ చేసినంత సేపు దాన్ని బిగించి ఆపి, అయ్యాక తిరిగి తెరవాలి. తెరవడం మర్చిపోవద్దు.

మిస్సింగ్ సంగతీ అంతే. ప్లగ్ వెలగకపోతే పెట్రోల్, గాలి రెండూ కాలకుండా పైపులోకి వచ్చేస్తాయి. కాలని ఆక్సిజన్ చూసి సెన్సార్ లీన్ అంటుంది. పెట్టె ఇంకా పోస్తుంది. తడిసిన ప్లగ్ ఇంకా తడుస్తుంది. అందుకే కొత్త ప్లగ్, శుభ్రమైన ఫిల్టర్, సరైన ట్యాపెట్ క్లియరెన్స్, లీకు లేని ఇన్‌టేక్ రబ్బరు, ఇవేవీ చూడకుండా ఆటో ట్యూన్ ఆన్ చేయకండి. జబ్బు ఉన్న ఇంజన్‌కు చేసిన మ్యాప్, జబ్బు తగ్గాక పనికిరాదు.

థ్రాటిల్ మూసి ఘాట్ దిగుతున్నప్పుడు ఇంజెక్టర్ పూర్తిగా మూసుకుపోతుంది, పైపులో ఉండేది ఉత్త గాలే. మంచి పెట్టెలు ఆ రీడింగ్‌ను వదిలేస్తాయి. మీ పెట్టెలో ఆ సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి. ఇంజన్ వేడెక్కే దాకా నేర్చుకోకుండా ఆపే సెట్టింగ్, థ్రాటిల్ గుభాలున తిప్పినప్పుడు ఆపే సెట్టింగ్ కూడా.

ఇంకొకటి, ఆలస్యం. 1,000 ఆర్‌పీఎంలో ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఒక పూర్తి సైకిల్‌కు 120 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఇప్పుడు పోసిన పెట్రోల్ కాలి, పైపులో ప్రయాణించి, సెన్సార్‌ను చేరి, సెన్సార్ స్పందించేసరికి మీరు వేరే గడిలో ఉండొచ్చు. అందుకే నిలకడగా నడపండి. ఒక్కో గడిలో కొన్ని సెకన్లు నిలబడండి. హైవే మీద చదునుగా వెళ్తే కొన్ని గళ్లే నిండుతాయి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు గళ్లు నిండుతాయి. పైగా అరకు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది, అక్కడ గాలి సాంద్రత ఇక్కడికంటే దాదాపు 8 శాతం తక్కువ. మీ ఈసీయూ గాలి ఒత్తిడిని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటోందా లేదా అక్కడ బయటపడుతుంది. బండి నడిపేటప్పుడు మాత్రం ఫోన్‌లో రీడింగ్ చూడొద్దు. పెట్టె అన్నీ రాసుకుంటుంది, దాబా దగ్గర ఆగి చూసుకోండి.

సెన్సార్ బిగించే చోటు గురించి. పైపు కింది వైపు ఎప్పుడూ పెట్టకండి. చల్లటి బండి స్టార్ట్ చేసినప్పుడు పైపులో నీరు చేరుతుంది. ఎర్రగా కాలిన పింగాణీ మీద ఒక్క చుక్క పడితే చిట్లిపోతుంది. పై భాగంలో, వైర్ల వైపు కాస్త ఎత్తుగా, కనీసం 10 డిగ్రీల వాలులో ఉండాలి. సైలెన్సర్ చివరికి దగ్గరగా పెడితే ఐడ్లింగ్‌లో వెనక నుంచి గాలి వచ్చి మళ్లీ అదే దొంగ లీన్. జాయింట్లకు మామూలు సిలికాన్ సీలెంట్ పూయొద్దు, దాని ఆవిరి సెన్సార్‌ను విషంలా చంపుతుంది. వైరు తెగితే టంకం పెట్టకండి. చాలా సెన్సార్లు బయటి గాలిని ఆ వైరు లోపలి సందుల్లోంచే తీసుకుంటాయి.

కంపెనీ సెన్సార్, మన పెట్టె రెండూ ఒకేసారి పెట్రోల్ సరిచేయబోతే ఒక పనివాడికి ఇద్దరు యజమానులున్నట్టు అవుతుంది. పెట్టె పది పెంచితే, కంపెనీ ఈసీయూ పది తగ్గిస్తుంది. కాబట్టి క్రూజింగ్ గళ్లను, అంటే నిలకడ వేగంలో వాడే గళ్లను, కంపెనీ సెన్సార్‌కు వదిలేసి, అది పట్టించుకోని ఎక్కువ లోడు గళ్లను మాత్రమే మనం చేయడం రోడ్డు బండికి మంచి దారి. కంపెనీ సెన్సార్ పీకేసి ఒక రెసిస్టర్ ముక్క తగిలించే బాపతు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది ఈసీయూ కళ్లకు గంతలు కట్టడం. నేను బిగించను. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని అడిగితే అదీ చేయను. అది చట్ట విరుద్ధం, పైగా మన వెనకాల స్కూటీ మీద వచ్చే పిల్లలు పీల్చేది ఆ పొగే.

ఇప్పుడు ప్రశ్నలు.

(ప్రశ్న: ఈ20 పెట్రోల్ వచ్చింది కదా సార్, మళ్లీ ట్యూన్ చేయాలా?)

మంచి ప్రశ్న అడిగారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకని దానికి గాలి తక్కువ కావాలి. ఉత్త పెట్రోల్ ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. ఈ20లో లాగా ఇథనాల్ 20 శాతం కలిపితే సుమారు 13.5. అంటే అదే గాలికి దాదాపు 8 శాతం పెట్రోల్ ఎక్కువ పోయాలి. సెన్సార్ పనిచేసే చోట ఈసీయూ తానే సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా ఈసీయూలు సెన్సార్ మాట వినవు, పాత మ్యాప్ ఉంటే అక్కడ లీన్ అయ్యే అవకాశం ఉంది. మీ మీటర్ 14.7 అని చూపిస్తే నమ్మి మోసపోకండి. అది లాంబ్డా కొలిచి, 14.7తో గుణించి చూపిస్తుంది, బంకులో ఏం పోశారో దానికి తెలియదు. మీటర్‌ను లాంబ్డాకు మార్చుకోండి. ఏ పెట్రోల్ పోసినా 1 అంటే 1.

(ప్రశ్న: టార్గెట్ ఎంత పెట్టుకోవాలి సార్?)

గాలితో చల్లబడే పెద్ద సింగిల్‌కు నేను ఐడ్లింగ్‌లో 0.94, క్రూజింగ్‌లో 0.98 నుంచి 1, ఫుల్ థ్రాటిల్‌లో 0.87 పెడతాను. 0.87 అంటే ఉత్త పెట్రోల్ లెక్కలో 12.8. ఇంజన్ చల్లగా ఉంటుంది, పవర్ కూడా అక్కడే ఉంటుంది. ఈ అంకెలు ఎవరో ఒకరు రాయాలి. ఆటో ట్యూన్ మీరు రాసినదాన్ని చేరుస్తుంది. మీరు 1.05 అని రాస్తే ఫుల్ థ్రాటిల్‌లో కూడా 1.05కే చేర్చి పిస్టన్ కరిగిస్తుంది.

(ప్రశ్న: షెడ్డుకు ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలి?)

ఆటో ట్యూన్ పెట్టె ఇప్పుడే వద్దు. వైడ్ బ్యాండ్ మీటర్ ఒక్కటి కొనండి. వచ్చిన ప్రతి బండికీ బిగించి రాసుకోండి, పక్కన ప్లగ్ రంగు కూడా రాయండి. రెండూ కలవని బండి ఏది కనిపించినా దాన్ని వదలకండి. బయట నా 500 నిలబెట్టి ఉంది, పైపు చల్లారింది. బ్లోయర్, సబ్బు నీళ్ల సీసా తెచ్చాను. హెడ్ దగ్గర నట్టు అర చుట్టు వదులు చేసి బుడగలు ఎక్కడ వస్తాయో చూపిస్తాను, పదండి.